మీకు తెలుసా? ఆటలమ్మ, ఆమె వేషం కట్టే దొంగలు

ముందే చెప్పేస్తున్నా: ఇది చదువుతుంటే మీకు దురద పుడుతుంది! నమ్మరా? జర్మనీలో గీసెన్ అనే ఊళ్ళో చర్మవైద్యులు దురద గురించి ఒక ఉపన్యాసం పెట్టి, వినడానికి వచ్చిన జనం మీదే కెమెరాలు తిప్పారు. తెర మీద ఒంటిపై పాకే పురుగులు, దద్దుర్లు కనిపించినంతసేపూ జనం తెగ గోక్కున్నారు. పసిపాపల మెత్తటి చర్మం బొమ్మలు వచ్చేసరికి గోకుడు తగ్గింది. ఆవలింతలాగే దురద కూడా అంటుకుంటుంది, మధ్యలో ఏ క్రిమీ అక్కర్లేదు!

ఆటలమ్మ పోసిన పిల్లాడి ఒంటి మీద ఎన్ని పొక్కులుంటాయో ఊహించండి చూద్దాం. యాభయ్యా? వందా? మామూలుగా 250 నుంచి 500! 500 అంటే మన 56 అక్షరాల వర్ణమాలని ఆ బుల్లి ఒంటి మీద దాదాపు తొమ్మిదిసార్లు దిద్దినంత.

ఆటలమ్మ ఇంగ్లీషు పేరు చికెన్ పాక్స్‌లో చికెన్ ఎక్కడుంది? ఎక్కడా లేదు! ఇంగ్లీషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్ 1755లోనే దీనికి అర్థం చెప్పబోయాడు: పెద్ద ప్రమాదం లేని జబ్బు కాబట్టి కోడిపిల్ల పేరు పెట్టి ఉంటారన్నాడు. కాదు, పొక్కు శనగగింజలా, అంటే ఇంగ్లీషు 'చిక్‌పీ'లా ఉంటుంది కాబట్టి ఆ పేరని ఇంకొందరు, 'దురద' అనే పాత ఇంగ్లీషు మాటే అలా మారిందని మరికొందరు. కోడికి మాత్రం ఈ గొడవతో సంబంధం లేదు. అయినా అమ్మవారు పోసిన ఇంట్లో నీచు వండరు కాబట్టి, మన దగ్గర కోడికి ఈ జబ్బు వల్ల లాభమే!

ఈ పొక్కుని డాక్టర్లు 'గులాబీ రేకు మీద మంచుబిందువు' అంటారు. కవిత్వం అనుకుంటున్నారా? రాత్రిపూట పిల్లాడి వీపు మీద టార్చిలైటు పక్కనుంచి వేసి చూడండి: కొంచెం గుండ్రంగా, కొంచెం కోలగా ఎర్రటి మచ్చ, దాని నడిబొడ్డున ముట్టుకుంటే చిట్లిపోయేంత పల్చటి పొరలో తేటనీరు, ఆ నీటి మీద మీ టార్చి వెలుగు చుక్కలా మెరుస్తుంది. తెల్లారేసరికి ఆ నీరు మసకబారుతుంది, మధ్యలో చిన్న గుంట పడుతుంది, ఆపైన పక్కు కడుతుంది.

ఇంకా వింత ఏమిటంటే, అరచేయంత మేరలోనే నాలుగు తరాల పొక్కులు కాపురం ఉంటాయి! ఎండిన పక్కు ముత్తాత, మసకబారిన పొక్కు తాత, నీటిపొక్కు తండ్రి, ఇప్పుడే లేచిన ఎర్రచుక్క మనవడు. మూడు నాలుగు రోజులపాటు దండులు దండులుగా లేవడమే దీనికి కారణం. మశూచిలో అలా ఉండేది కాదు, ఒకచోట లేచిన పొక్కులన్నీ ఒకే ఈడువి.

మరి మశూచినీ దీన్నీ ఎలా పోల్చుకునేవారు? అరచేతులూ అరికాళ్ళూ చూసి! మశూచి ముఖం, చేతులు, కాళ్ళ మీద ఎక్కువ. ఆటలమ్మకి ఛాతీ, వీపు, పొట్ట ఇష్టం. ఈ రెండూ వేర్వేరు జబ్బులని లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1767లో వైద్యుల సభలో తేల్చి చెప్పాడు. అప్పటిదాకా ఆటలమ్మ వచ్చి తగ్గినవాళ్ళు 'మనకి మశూచి అయిపోయిందిలే' అని ధీమాగా తిరిగి, తర్వాత అసలు మశూచి బారిన పడేవాళ్ళు.

మన దేశంలోనే ఒకప్పుడు ఒంటి మీద పొక్కులున్న మనిషిని చూపిస్తే 1000 రూపాయలు! 1975 ప్రాంతంలో మశూచి రోగి ఆచూకీ చెప్పినవాళ్ళకి ప్రభుత్వం ప్రకటించిన బహుమతి అది. ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన పిల్లాడి ఫోటో ఉన్న కార్డు పట్టుకుని 'ఇలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?' అని ఇంటింటికీ తిరిగారు. పరుగెత్తి వెళ్ళి చూస్తే, పాపం, చాలాచోట్ల ఉన్నది ఆటలమ్మే!

ఆటలమ్మ తెచ్చే వైరస్ ఎంతుంటుంది? ఒక్క మిల్లీమీటరు గీత మీద 5000 వైరస్‌లని పక్కపక్కన నిలబెట్టొచ్చు! మీ వేలిగోరు అంచు మీద ఒక చిన్న పట్టణం జనాభా సరిపోతుంది.

అయిదుగురు పిల్లలున్న ఇంట్లో ఒకరికి ఆటలమ్మ వస్తే, మిగతా నలుగురికీ అంతకుముందు రాకపోయి, టీకా కూడా పడి ఉండకపోతే, తప్పించుకునేవాడు ఒక్కడు కూడా మిగలకపోవచ్చు. అలాంటి పిల్లలు పదిమందిలో తొమ్మిదిమందికి అంటుకుంటుంది. అసలు మోసం ఎక్కడంటే, మొదటి పొక్కు లేవకముందే, ఒకటి రెండు రోజుల నుంచే ఇది అంటుకోవడం మొదలుపెడుతుంది! పొక్కు చూసి పిల్లల్ని విడదీసేసరికి కబడ్డీ ఆట అయిపోయి ఉంటుంది.

రెండోవాడికి ఎప్పుడు వస్తుంది? రేపా, ఎల్లుండా? కాదు, 10 నుంచి 21 రోజుల తర్వాత. 'పెద్దోడికి తగ్గింది, హమ్మయ్య' అని అమ్మ నడుం వాల్చేసరికి చిన్నోడు వీపు గోక్కుంటూ వస్తాడు. అన్నట్టు, ఇంట్లో రెండోవాడిగా అంటుకున్నవాడికి మొదటివాడికన్నా ఎక్కువ పొక్కులు లేస్తాయి. ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద పీల్చిన వైరస్ మోతాదు ఎక్కువ కావడమే కారణమంటారు.

ఎండకి కమిలినచోట, గుడ్డల ఒరిపిడికి ఎర్రబడినచోట ఆటలమ్మ పొక్కులు గుత్తులుగా లేస్తాయి! అప్పటికే రేగిన చర్మం దీనికి మెత్తటి పరుపు.

ఇప్పుడు ఒక చిక్కు ప్రశ్న. ఒక పిల్లకి నాలుగేళ్ళలో మూడుసార్లు ఆటలమ్మ వచ్చింది. ఇదెలా సాధ్యం?

జవాబు: సాధ్యం కాదు! కాకపోతే, దాదాపు కాదు. ఆటలమ్మ ఒకసారి వచ్చిపోతే చాలామందికి జీవితంలో మళ్ళీ రాదు. మరీ పసితనంలో తేలిగ్గా వచ్చిపోయినవాళ్ళకో, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళకో ఎప్పుడైనా రెండోసారి వస్తుంది. మూడోసారి కూడా 'ఆటలమ్మే' అంటున్నారంటే, ఆమె వేషం కట్టుకుని ఇంకెవరో వచ్చారన్నమాట.

ఆ పిల్ల మా చెల్లెలి కూతురే. వానలు పడగానే ఒంటి మీద ఎర్రటి పొక్కులు, రాత్రంతా గోకుడు. 'ఏమే, పిల్లకి మళ్ళీ అమ్మవారు పోసిందే!' అని మా అమ్మ కేకేసి, గుమ్మానికి వేపమండ కట్టేసేది, తాలింపు మానేసేది. మూడోసారి నేను దగ్గర కూర్చుని చూశాను. పొక్కులన్నీ గౌను అంచు కింద, పిక్కల మీద. పొట్ట మీద ఒక్కటీ లేదు, తలలో లేదు, నోట్లో లేదు, జ్వరం అసలే లేదు. ఒకచోట మూడు పొక్కులు ముగ్గు చుక్కల్లా వరసలో ఉన్నాయి. ఇంతలో వరండాలోంచి ఓ బొచ్చు కుక్కపిల్ల వచ్చి ఆ పిల్ల ఒళ్ళో పడుకుంది, కాలితో టకటకా తన చెవి గోక్కుంటూ! దాని బొచ్చులో గెంతే పురుగులే మా ఇంటి ఆటలమ్మ.

ఈ వేషగాడికి డాక్టర్లు పెట్టిన పేరు పాప్యులర్ అర్టికేరియా. దోమ, నల్లి, కుక్కల మీద గెంతే పురుగు కుట్టినచోట ఒళ్ళు అతిగా ఉలిక్కిపడటమే ఇది. రెండు నుంచి పదేళ్ళలోపు పిల్లల్లోనే ఎక్కువ. దీని అల్లరి చూడండి: ఇవాళ దోమ చేతి మీద కుడితే, పోయిన వారం కాలి మీద మానిపోయిన పాత కాట్లు కూడా మళ్ళీ లేచి దురద పెడతాయి! అందుకే 'తగ్గింది, మళ్ళీ వచ్చింది' అనిపిస్తుంది.

ఒకే మంచం మీద ఇద్దరు పిల్లలు పడుకుంటే ఒకడికి ఒళ్ళంతా పొక్కులు, రెండోవాడి ఒంటి మీద ఒక్కటీ లేదు. దోమ ఒకణ్ణే కుట్టిందా? ఇద్దర్నీ కుట్టి ఉంటుంది! రెండోవాడి ఒంటికి ఆ కాటు అలవాటైపోయింది, మొదటివాడి ఒళ్ళు ఇంకా నేర్చుకుంటోంది. ఏళ్ళు గడిచేకొద్దీ చాలామంది పిల్లలకి ఈ బెడద దానంతట అదే వదిలిపోతుంది.

రెండో వేషగాడు గజ్జి. ఒళ్ళంతా గోకి గోకి రక్తం కారే మనిషి మీద గజ్జి పురుగులు ఎన్ని ఉంటాయనుకుంటున్నారు? లక్షలా? మామూలుగా పది పదిహేనే! ఆడపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు; చర్మం పైపొరలో సొరంగం తవ్వుకుంటూ, రోజుకి రెండు మూడు గుడ్లు పెట్టుకుంటూ పోతుంది. దాని గుడ్లకి, మలానికి మన ఒంటికి పుట్టే చిరాకే ఆ దురద.

ఆ చిరాకు పుట్టడానికి మొదటిసారి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది! అంటే దసరా సెలవుల్లో అమ్మమ్మ ఊళ్ళో పక్కలో పడుకున్నప్పుడు ఎక్కిన పురుగు, దీపావళి దాటాక గానీ దొరకదు. రెండోసారి ఎక్కితే మాత్రం ఒళ్ళు నాలుగు రోజుల్లోపే పసిగట్టేస్తుంది. అందుకే దురద ఉన్నవాడికీ లేనివాడికీ, ఇంటిల్లిపాదికీ ఒకే రాత్రి మందు పూయాలంటారు. ఒక్కడికే పూస్తే పురుగులు ఇంట్లోనే పక్క మంచానికి మారతాయి.

కంటికి సరిగ్గా ఆనని జీవి వల్ల జబ్బు వస్తుందని మొదట రుజువైనవాటిలో గజ్జి ఒకటి! ఇటలీలోని లివోర్నోకి చెందిన బొనోమో అనే వైద్యుడు 1687లో ఆ పురుగుని సూక్ష్మదర్శినిలో చూసి, బొమ్మ గీసి, ఫ్రాన్సెస్కో రెడీ అనే పండితుడికి ఉత్తరం రాశాడు. అయినా వైద్యలోకం ఇంకో నూట యాభై ఏళ్ళపాటు 'రక్తం చెడింది' అనే పాట మానలేదు.

మూడో వేషగాణ్ణి బాల్‌పెన్నుతో పట్టుకోవచ్చు! దద్దురు చుట్టూ పెన్నుతో గీత గీసి, గడియారం చూసుకోండి. మామూలు దద్దురు 24 గంటల్లోపు ఆ గీతలోంచి మాయమై ఇంకోచోట లేస్తుంది. ఆటలమ్మ పొక్కు ఉన్నచోటే ఉండి పక్కు కడుతుంది. ఒకటి తిరుగుబోతు, ఒకటి కాపురస్థురాలు.

పల్లెటూరి బళ్ళో చదువుకున్నవాళ్ళని అడగండి, నాలుగో వేషగాడి పేరు వాళ్ళే చెబుతారు: దూలగొండి! ఆ కాయ మీది బంగారు రంగు నూగులో మ్యుకునైన్ అనే పదార్థం ఉంటుంది. అది చర్మంలోని దురద నరాలని నేరుగా రెచ్చగొడుతుంది. మాస్టారి కుర్చీ మీద చల్లే ఈ కాయలోని గింజలే ఎల్‌-డోపాకి గని. పార్కిన్సన్స్ జబ్బుతో చేతులు వణికేవాళ్ళకి ఇచ్చే మందు అదే.

వానాకాలం రాత్రి దీపం దగ్గరికి వరిచేలలోంచి ఎరుపూ నలుపూ చారల సన్నటి పురుగు వస్తుంది, చూశారా? అది కుట్టదు, కరవదు. మీరు చంపితేనే పగ తీర్చుకుంటుంది! ఒంటి మీద నలిపితే దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం అంటుకుని, మర్నాటికి కాలినట్టు పొక్కులు లేస్తాయి. మోచేయి మడతలో నలిగితే రెండువైపులా అద్దంలో చూసుకున్నట్టు జంట పుండ్లు. ఆ విషం కాస్త వేరు చేయడానికి 1953లో ఇటలీ శాస్త్రజ్ఞులు ఎన్ని పురుగులు పోగేశారో తెలుసా? రెండున్నర కోట్లు! చిత్రమేమిటంటే ఆ విషం పురుగుది కూడా కాదట, దాని ఒంట్లో కాపురమున్న బాక్టీరియాదట.

చెమటకాయలకీ సామలకీ చుట్టరికం ఉంది! వైద్యులు వీటిని మిలియేరియా అంటారు. లాటిన్‌లో 'మిలియం' అంటే సామలు, కొర్రల్లాంటి చిరుధాన్యం. పెద్దవాళ్ళ ఒంటి మీద ఇరవై ముప్పై లక్షల చెమట గ్రంథులు పరుచుకుని ఉంటాయి, పసివాడి ఒంటి మీద అవి ఇరుగ్గా కిక్కిరిసి ఉంటాయి. మే నెలలో ఆ బుల్లి రంధ్రాలు మూసుకుపోతే మెడ చుట్టూ గుప్పెడు సామలు చల్లినట్టే.

2022లో కేరళలోని కొల్లం జిల్లాలో చిన్నపిల్లలకి 'టమాటా ఫ్లూ' వచ్చింది, గుర్తుందా? టమాటాకి ఏ పాపమూ తెలియదు! ఎర్రటి పొక్కులు చూసి పెట్టిన పేరు. అయిదేళ్ళలోపు పిల్లలు 80 మందికి పైగా పడ్డారు. తర్వాత కేరళ నుంచి ఇంగ్లండుకి తిరిగివచ్చిన ఇద్దరు పిల్లల్ని పరీక్షిస్తే తేలింది, అది పాత చేతులు-కాళ్ళు-నోటి పొక్కుల జబ్బేనని. దీన్ని తెచ్చే కాక్సాకీ వైరస్‌కి ఆ పేరు అమెరికాలోని ఒక ఊరి నుంచి వచ్చింది. ఆటలమ్మ వదిలేసే అరచేతులూ అరికాళ్ళే దీనికి సొంతిల్లు.

ఆ జబ్బు తగ్గిన నెలా రెండు నెలలకి కొందరు పిల్లల గోళ్ళు ఊడి వచ్చేస్తాయి! జబ్బు రోజుల్లో గోరు పెరగడం ఆగిపోయిన గీత, మెల్లగా పైకి జరిగి అక్కడ తెగుతుంది. కంగారొద్దు, కింద కొత్త గోరు తయారుగా ఉంటుంది.

పిల్లల దద్దుర్లకి ఒకప్పుడు డాక్టర్లు రైల్వే టిక్కెట్లలా నంబర్లు వేశారు: ఒకటో జబ్బు తట్టు, రెండోది స్కార్లెట్ జ్వరం, మూడోది రుబెల్లా, అయిదోది, ఆరోది... నాలుగోది ఏది? లేదు! 1900లో డ్యూక్స్ అనే ఇంగ్లీషు డాక్టరు నాలుగో జబ్బు కనిపెట్టానన్నాడు గానీ, అది వేరే జబ్బేమీ కాదని తర్వాత తేల్చేశారు. నంబరు మాత్రం ఖాళీ సీటులా అలాగే ఉండిపోయింది.

అయిదో జబ్బు వచ్చిన పిల్లని చూస్తే 'ఎవరమ్మా లెంపకాయ కొట్టింది?' అని అడుగుతారు! రెండు బుగ్గలూ ఎర్రగా కమిలినట్టుంటాయి. దీన్ని తెచ్చే వైరస్ పేరు బి19. రక్తపు నమూనాల వరసలో దొరికిన గడి నంబరే దాని పేరైపోయింది.

ఆరో జబ్బు ఇంకా తమాషా. మూడు రోజులు పిల్లాడు కాలిపోయే జ్వరంతో భయపెడతాడు. జ్వరం తగ్గగానే, ఆడుకుంటున్న పిల్లాడి ఒంటి మీద గులాబీ చుక్కలు లేస్తాయి! దద్దుర్లు చూసి అమ్మకి భయం, డాక్టరుకి నవ్వు. ఆయన దృష్టిలో అది జబ్బు వెళ్ళిపోతూ పెట్టిన సంతకం.

ఒక పసివాడి దద్దుర్లు చంద్రుడి మీదికి వెళ్ళే ప్రయాణాన్ని మార్చేశాయి! 1970 ఏప్రిల్‌లో అపోలో 13 ఎగరబోయే ముందు, వ్యోమగామి ఛార్లీ డ్యూక్‌కి స్నేహితుల పిల్లాడి నుంచి రుబెల్లా అంటింది. ఆయనతో కలిసి తిరిగిన, ఆ నౌకలో వెళ్ళాల్సిన కెన్ మాటింగ్లీకి ఆ జబ్బు అంతకుముందు రాలేదని, ఇంక రెండు మూడు రోజులుందనగా దింపేశారు. మాటింగ్లీకి రుబెల్లా రానే లేదు. ఆ నౌకలో దారి మధ్యన ఆక్సిజన్ ట్యాంకు పేలింది! ఇంకా బాగున్న సంగతి: రెండేళ్ళ తర్వాత అపోలో 16లో అంటించినాయనా, దిగిపోయినాయనా కలిసే చంద్రుడి దాకా వెళ్ళారు.

తట్టు వచ్చిన పిల్లాడు గదిలోంచి వెళ్ళిపోయాక కూడా, ఆ గాలిలో వైరస్ రెండు గంటల దాకా కాచుకుని ఉంటుంది! 1846లో ఫారో దీవుల్లో 65 ఏళ్ళ తర్వాత తట్టు అడుగుపెడితే 7782 మందిలో దాదాపు 6000 మంది పడ్డారు. పడనివాళ్ళలో ఎవరున్నారో తెలుసా? 1781లో, అంటే చిన్నప్పుడు, ఒకసారి పడిన ముసలివాళ్ళు. అరవై అయిదేళ్ళయినా వాళ్ళ ఒళ్ళు ఆ దొంగని మరిచిపోలేదు.

దురద కబురు మెదడుకి ఎంత వేగంగా వెళుతుంది? నడిచి వెళుతుంది! దురదని మోసే సన్నటి నరాల్లో కబురు సెకనుకి ఒక మీటరు లెక్కన, అంటే సాయంత్రం షికారు వేగంతో, నింపాదిగా సాగుతుంది. తాకిడిని మోసే లావు నరాల్లో అదే సెకనుకి 35 నుంచి 75 మీటర్లు. దోమ కాలి మీద వాలినట్టు తెలియడం ఎక్స్‌ప్రెస్, దురద ప్యాసింజర్.

గోక్కుంటే ఎందుకంత హాయి? గోరు పుట్టించే చిన్న నొప్పి, వెన్నుపాములో దురద కబురుకి అడ్డం పడుతుంది! హాయి అయిపోగానే గోకినచోట చర్మం ఇంకా రేగి, దురద రెట్టింపవుతుంది. అందుకే ఆటలమ్మ పోసిన పిల్లలకి ముందు చేయాల్సిన పని మందు కాదు, గోళ్ళు కత్తిరించడం.

మన పెద్దవాళ్ళు ఆ పొక్కుల్ని పుండ్లు అనలేదు, 'ముత్యాలు' అన్నారు! ఊరి పొలిమేరలో ముత్యాలమ్మ గుడి చూసినప్పుడు ఆ పేరు ఒకసారి నోట్లో తిప్పుకోండి. ఉత్తరాదిలో ఆమె శీతల, అంటే చల్లని తల్లి. గాడిదెక్కి చీపురు పట్టుకుని వస్తుంది. జబ్బు పేరు ఎత్తరు, 'అమ్మ పోసింది' అంటారు. తగ్గిందని అనరు, 'అమ్మ దిగింది' అంటారు. నాకు ముచ్చటేసేది ఇంకొకటి: గుమ్మానికి వేపమండ కడితే చుట్టాలు లోపలికి రారు, పిల్లాడు బడికి వెళ్ళడు. వైరస్ మాట ఎరక్కుండానే విడిగా ఉంచే పద్ధతి ఇంట్లో అమలైపోయేది!

ఆటలమ్మ తగ్గాక వైరస్ ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు! వెన్నెముక పక్కన నరాల ముడుల్లో దాక్కుని యాభై అరవై ఏళ్ళు కునుకు తీస్తుంది. ఎప్పుడో ముసలితనంలో లేచి, ఒకే నరం వెంట పాకి అక్కి అయి కూర్చుంటుంది. నడుం చుట్టూ పట్టీలా ఒకవైపే ఉండి, సరిగ్గా ఒంటి మధ్యగీత దగ్గర ఆగిపోతుంది. గ్రీకు భాషలో దీని పేరు 'జోస్టర్', అంటే నడికట్టు! మన దక్షిణాదిలో కొన్నిచోట్ల కుమ్మరి వచ్చి అక్కి మీద ఎర్రమట్టితో రాసేవాడు.

అక్కి ఉన్న తాతయ్య నుంచి మనవడికి అక్కి అంటదు, ఆటలమ్మ అంటుతుంది! ఒకే విత్తనం, ఒంటిని బట్టి రెండు మొక్కలు. అక్కి అంటే పాత ఆటలమ్మే నిద్ర లేవడమని 1965లో గట్టిగా వాదించినవాడు పెద్ద ప్రయోగశాల శాస్త్రజ్ఞుడేమీ కాదు, ఇంగ్లండులో సైరెన్‌సెస్టర్ అనే చిన్న ఊరి మామూలు డాక్టరు ఎడ్గర్ హోప్-సింప్సన్. ఏళ్ళ తరబడి తన రోగుల చీటీలు దాచుకుని లెక్కలు తీశాడు.

ఈ నిద్ర వల్లే ఇంకో వింత! తట్టు ఎడతెగకుండా బతకాలంటే రెండున్నర లక్షల నుంచి అయిదు లక్షల దాకా జనం ఉన్న పట్టణం కావాలి. ఆటలమ్మకి వెయ్యిమంది లేని దీవి చాలు. కొత్త పిల్లలు పుట్టేదాకా తాతయ్య నరంలో పడుకుని ఎదురుచూస్తుంది మరి.

అంతరిక్షంలో కూడా ఈ వైరస్ కళ్ళు తెరుస్తుంది! వ్యోమగాముల ఒంటి మీద ఒక్క పొక్కు లేకపోయినా, వాళ్ళ ఉమ్మిలో నాసా శాస్త్రజ్ఞులకి ఇది దొరికింది. ప్రయాణపు ఒత్తిడికి కాపలా కాస్త సడలుతుందన్నమాట.

ఆటలమ్మని పట్టబోతే పోలియో దొరికింది! 1948లో బోస్టన్‌లో థామస్ వెల్లర్ ఆటలమ్మ వైరస్‌ని గాజు గొట్టాల్లో పెంచాలని చూశాడు. నాలుగు గొట్టాలు మిగిలిపోతే, పారేయడమెందుకని, ఫ్రీజర్‌లో ఉన్న పోలియో వైరస్ వేశాడు. ఆటలమ్మ మొలవలేదు, పోలియో ఏపుగా పెరిగింది! అదే పోలియో టీకాకి దారి తీసింది. వెల్లర్‌కీ, ఆయనతో పనిచేసిన ఎండర్స్, రాబిన్స్‌లకీ 1954లో నోబెల్ వచ్చింది. ఆ తర్వాత ఆటలమ్మ వైరస్‌ని కూడా వెల్లర్ పట్టుకున్నాడు, వదల్లేదు.

ఆటలమ్మ టీకా ఒక తండ్రి బెంగలోంచి పుట్టింది. జపాన్ శాస్త్రజ్ఞుడు మిచియాకి తకహాషి అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉండగా, 1964లో మూడేళ్ళ కొడుక్కి ఆటలమ్మ చాలా తీవ్రంగా వచ్చింది. ఆ రాత్రులు మరిచిపోలేక, 1974కల్లా టీకా తయారుచేశాడు. మనిషి కణాల్లో 11 సార్లు, గినీపందుల కణాల్లో 12 సార్లు పెంచి పెంచి వైరస్ కోరలు పీకేశాడు! ఆ టీకా వైరస్ పేరు 'ఓకా'. అది తకహాషి కొడుకు పేరు కాదు. ఎవరి పొక్కులోంచి వైరస్ తీశారో ఆ పిల్లాడి ఇంటిపేరు. ప్రపంచమంతా వేసే టీకాలో ఒక కుటుంబం పేరు అలా తిరుగుతోంది.

టీకా వేసుకున్నా ఎప్పుడైనా ఆటలమ్మ రావచ్చు, కానీ 500 పొక్కుల చోట మామూలుగా 50 కూడా లేవవు! అవి కూడా నీళ్ళు పట్టని చిన్న ఎర్రచుక్కలు. ఇప్పుడు తమాషా చూడండి: దోమకాటు ఆటలమ్మ వేషం కట్టిందని ఇందాక నవ్వుకున్నాం కదా, ఇక్కడ ఆటలమ్మే దోమకాటు వేషం కడుతుంది! మన ప్రభుత్వ ఉచిత టీకాల జాబితాలో ఇది లేదు. పిల్లల డాక్టర్లు 15 నెలల వయసులో మొదటి డోసు వేయించమంటారు, తర్వాత రెండోది.

చలిదేశాల్లో ఆటలమ్మ పదేళ్ళలోపే అందరినీ పలకరించి పోయేది. మనలాంటి వేడిదేశాల్లో చాలామందిని పెళ్ళీడు దాకా వదిలేస్తుంది! ఇది మేలనుకోకండి. టీకా రాకముందు అమెరికాలో ఆటలమ్మ వచ్చినవాళ్ళలో పెద్దవాళ్ళు నూటికి అయిదుగురే, చనిపోయినవాళ్ళలో మాత్రం నూటికి 35 మంది.

జ్వరానికి మింగే ఒక చిన్న బిళ్ళ ఆటలమ్మలో పిల్లలకి విషమవుతుంది: ఆస్పిరిన్! మెదడుకీ కాలేయానికీ ఒకేసారి ముప్పు తెచ్చే రై సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. 1963లో దీన్ని వర్ణించిన ఆస్ట్రేలియా డాక్టరు పేరే దానికి పెట్టారు. ఐబూప్రోఫెన్ కూడా వద్దంటారు. జ్వరానికి పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పిన కొలతలో.

రాలిన పక్కులంటే మన ఇళ్ళలో ఎంత భయమో! మశూచి పక్కుల విషయంలో అది సరైన భయమే, వాటిలో వైరస్ చాలాకాలం బతికేది. ఆటలమ్మ పక్కు మాత్రం ఉత్త పొట్టు. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాయంటే పిల్లాడు బడికి పోవచ్చు. పక్కుని గిల్లి లాగితేనే నష్టం, అక్కడ గుంట మచ్చ మిగిలిపోతుంది.

ఆఖరుగా ఒకటి. ఆటలమ్మ అయినా, దోమకాటయినా, చెమటకాయలయినా ఇంట్లో సీసా కుదిపి పూసేది కాలమైన్ లోషనే కదా. దానికా గులాబీ రంగు ఎక్కడిదో ఎప్పుడైనా ఆలోచించారా? అందులో ఉన్న జింక్ ఆక్సైడ్ తెల్లగా సున్నంలా ఉంటుంది. అందులో చిటికెడు ఐరన్ ఆక్సైడ్ కలుపుతారు. అదేమిటో మీ పెరట్లో పాత బకెట్టు అడుగున చూడండి: ఇనుప తుప్పు!